ఫైళ్లు శాశ్వతంగా చెరిగిపోకుండా: ఏ రక్షణ ఎవరికి పనికొస్తుంది

రీసైకిల్ బిన్ ఉంది కదా అన్న ధీమా చాలా ఇళ్లలో ఉంటుంది. విండోస్ 95 కాలం నుంచి తెర మీద ఒక మూలన కూర్చుని అది ఎందరి పొరపాట్లనో కాచింది, కాదనలేం. కానీ ఆ బిన్ గడప తొక్కకుండానే ఫైలు నేరుగా పోయే దారులు కొన్ని ఉన్నాయి. అవి తెలియకుండా రక్షణ ఎంచుకోవడమంటే వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరిచి ఉంచడమే.

షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ కొట్టడం అందరికీ తెలిసిన దారి. పెన్ డ్రైవ్‌లోనో కెమెరా మెమరీ కార్డులోనో ఉన్న ఫైలును మామూలుగా డిలీట్ చేసినా అది బిన్‌లోకి రాదన్న సంగతి మాత్రం అంతగా తెలియదు. యూఎస్‌బీకి తగిలించే హార్డ్ డిస్క్‌కు సాధారణంగా సొంత బిన్ ఉంటుంది, పెన్ డ్రైవ్‌కు ఉండదు. రెండూ ఒకే చోట గుచ్చుతాం కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. ఇంట్లో మరో కంప్యూటర్‌లో ఉన్న షేర్డ్ ఫోల్డర్ నుంచి చెరిపినవీ బిన్‌కు చేరవు.

ఇక పెళ్లి వీడియోల సంగతి. బిన్‌కు ఒక పరిమితి ఉంటుంది. డ్రైవ్ పరిమాణంలో ఐదు శాతం చుట్టుపక్కల విండోస్ తానే కేటాయిస్తుంది. స్టూడియో వారు ఇచ్చిన ఫైలు అంతకన్నా పెద్దదైతే, ఇది బిన్‌లో పట్టదు, శాశ్వతంగా చెరిపేయమంటారా అని ఒక్కసారి అడుగుతుంది. చదవకుండా ఎంటర్ కొట్టామా, స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఒక్క దెబ్బకు పోతుంది. చిన్న ఫైళ్లకూ ఈ పరిమితి ఇంకో రకంగా తగులుతుంది: బిన్ నిండితే అందులో అన్నిటికన్నా పాతవి చెప్పకుండానే వెళ్లిపోతాయి. స్టోరేజ్ సెన్స్ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే, బిన్‌లో 30 రోజులు దాటినవాటిని అదే ఊడ్చేస్తుంది.

వీటన్నిటికన్నా మోసకారి దారిలో చెరపడమన్నదే ఉండదు. ఇంట్లో డీటీపీ పని చేసేవారికి ఇది బాగా తెలుసు. నిరుటి శుభలేఖ ఫైలు తెరిచి, పేర్లు, ముహూర్తం మార్చి, ‘సేవ్ యాజ్’ బదులు ‘సేవ్’ నొక్కితే పాత శుభలేఖ అక్కడితో సరి. ఫోల్డర్ కాపీ చేసేటప్పుడు ‘రీప్లేస్’ నొక్కినా అంతే. ఎవరూ దేన్నీ డిలీట్ చేయలేదు, కాబట్టి బిన్‌కు అక్కడ పనే లేదు.

అందుబాటులో ఉన్న రక్షణలన్నీ రెండు జాతులు. కొన్ని మన చేతిని ఆపుతాయి, కొన్ని పోయినదాన్ని తిరిగి తెస్తాయి. మొదటి జాతి దాదాపు ఉచితం, పావుగంటలో అమర్చుకోవచ్చు. అయినా డబ్బు, శ్రద్ధ రెండో జాతి మీదే పెట్టాలన్నది నా అభిప్రాయం. చేతిని ఆపేవాటికి చేయి ఒక్కటే తెలుసు. 2018 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను తుడిచిపెట్టింది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కు మళ్లించుకుని, కొన్ని ఫైళ్లను పాత చోటే వదిలేసినవారికి ఆ దెబ్బ తగిలింది. కంపెనీ దాన్ని నిలిపివేసి, సరిచేసి, నవంబరులో మళ్లీ విడుదల చేసింది. ఆ ఇళ్లలో ఎవరూ డిలీట్ మీట ముట్టుకోలేదు. ఏ హెచ్చరికా వారిని కాపాడేది కాదు, విడిగా ఉన్న ప్రతి (కాపీ) మాత్రమే కాపాడేది.

అడిగి చెరిపేలా పెట్టుకోవడం

విండోస్ 8 నుంచి, మామూలు డిలీట్‌కు ముందు అడిగే ప్రశ్నను మైక్రోసాఫ్ట్ మొదటే ఆపేసి ఇస్తోంది. కావాలంటే రీసైకిల్ బిన్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘డిస్‌ప్లే డిలీట్ కన్ఫర్మేషన్ డైలాగ్’ పక్కన టిక్ పెట్టాలి. చాలా సలహాలు ఇక్కడితో ఆగిపోతాయి. నాకు మాత్రం ఇది అందరికీ మంచిదన్న నమ్మకం లేదు.

ఆ ప్రశ్న ఆఫ్‌లో ఉన్నప్పుడు, ఫైలు శాశ్వతంగా పోబోతున్న సందర్భాల్లోనే తెర మీద హెచ్చరిక వస్తుంది. అరుదుగా వస్తుంది కాబట్టి కన్ను దాని మీద ఆగుతుంది. ప్రశ్న ఆన్ చేశాక ప్రతి డిలీట్‌కూ దాదాపు అలాంటి పెట్టే కనబడుతుంది. బిన్‌లోకి పంపనా అన్నదానికీ, శాశ్వతంగా చెరపనా అన్నదానికీ తేడా ఒకటి రెండు మాటల్లోనే ఉంటుంది. కొన్నాళ్లకు కళ్లు చదవడం మానేస్తాయి, వేలు దానంతటదే ఎంటర్ మీదికి పోతుంది. రోజూ కంప్యూటర్ మీద పనిచేసేవారు దీన్ని ఆఫ్‌లోనే ఉంచుకుని, ‘పర్మనెంట్లీ’ అన్న మాట కనబడితే ఆగడం అలవాటు చేసుకోవడమే మేలు. వారానికోసారి ఫొటోలు చూసుకునే పెద్దవారున్న ఇంట్లో, మీటల మీద చేతులు వేసే చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ఆన్ చేయాలి. వారి విషయంలో భయం అలవాటు గురించి కాదు, తెలియకుండా తగిలే చేతి గురించి.

అదే ప్రాపర్టీస్ పెట్టెలో ఇంకో రెండు చూడండి. ఒక్కో డ్రైవ్‌కు సెట్టింగ్ వేరుగా ఉంటుంది. ఏ డ్రైవ్‌కైనా ‘బిన్‌లోకి పంపకుండా వెంటనే తీసేయి’ అన్న అర్థం వచ్చే వాక్యం ఎంపికై ఉంటే మార్చండి. పెద్ద వీడియోలు ఉన్న డ్రైవ్‌కు ‘కస్టమ్ సైజ్’ పెంచండి. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్ తెరిచి, స్టోరేజ్ సెన్స్‌లో బిన్‌ను ఖాళీ చేసే గడువును ‘నెవర్’ చేయండి. హార్డ్ డిస్క్ ఖాళీ చేస్తామని చెప్పే క్లీనర్ సాఫ్ట్‌వేర్లు కూడా బిన్ మీదికే ముందు వెళ్తాయి కాబట్టి వాటి టిక్కులూ ఒకసారి చూసుకోవాలి.

షిఫ్ట్ డిలీట్‌ను మూసేయడం

హార్డ్ డిస్కులు 40 జీబీ ఉన్న రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నవారికి షిఫ్ట్ డిలీట్ వేళ్లలో ఇంకిపోయిన అలవాటు. వారికి ప్రశ్న అడిగే ఏ పెట్టే పనిచేయదు. షిఫ్ట్ డిలీట్, వెంటనే ఎంటర్, మూడు మీటలూ ఒకే ఊపులో పడతాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే అదనపు సాధనాల మూటలో కీబోర్డ్ మేనేజర్ అని ఒకటి ఉంది. అందులో షిఫ్ట్ డిలీట్ కొడితే మామూలు డిలీట్‌గా తీసుకునేలా మార్చవచ్చు. ఈ ఒక్క అలవాటుకు ఇంతకన్నా మంచి మందు నాకు కనబడలేదు.

లోపాలు లేకపోలేదు. పవర్‌టాయ్స్ వెనకాల నడుస్తున్నంతసేపే ఈ మార్పు ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని కుడి క్లిక్ మెనూలో డిలీట్ నొక్కితే ఫైలు యథాప్రకారం శాశ్వతంగా పోతుంది. పెన్ డ్రైవ్ విషయంలో ఏ మార్పూ ఉండదు. ఆ అలవాటు లేనివారికి దీని అవసరమే లేదు.

అనుమతులతో కట్టడి చేయడం

ఫైలు ప్రాపర్టీస్‌లో ‘రీడ్ ఓన్లీ’ టిక్ పెడితే భద్రం అన్న మాట ఇప్పటికీ వినబడుతోంది. అది ఫైలులో మార్పులను ఆపుతుంది గానీ డిలీట్‌ను ఆపదు. మహా అయితే ఒక ప్రశ్న అదనంగా వస్తుంది.

అసలైన కట్టడి వేరువేరు ఖాతాలతో వస్తుంది. పిల్లలకు అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని స్టాండర్డ్ ఖాతా ఇస్తే మీ ఖాతాలోని డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వారికి తెరుచుకోవు. ఇక్కడ మన ఇళ్లకు సంబంధించిన చిక్కు ఒకటుంది. మన దగ్గర ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ డీ డ్రైవ్‌లో పెట్టడం ఆనవాయితీ. విండోస్ పాడై మళ్లీ వేయించినప్పుడు సీ డ్రైవ్ పోయినా డీ మిగులుతుందని కంప్యూటర్ బిగించినవారు చెప్పిన మాట అది. ఆ మేరకు నిజమే. కానీ ఖాతాల మధ్య ఉండే అడ్డుగోడ డీ డ్రైవ్‌లో ఉండదు. కంప్యూటర్‌లోకి లాగిన్ అయిన ప్రతి ఖాతాకూ అక్కడ మార్చే, చెరిపే హక్కు మామూలుగా ఉంటుంది. వేరు ఖాతా ఇచ్చాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి, మిగతా ఖాతాలకు చూసే హక్కు మాత్రమే మిగిలేలా మార్చాలి. అది తలనొప్పి అనుకుంటే ముఖ్యమైనవాటిని మీ ఖాతాలోని ఫోల్డర్లలోకి తెచ్చుకోవడం సులువు.

మీ ఖాతాకు కూడా డిలీట్ హక్కు తీసేసుకోవచ్చు. పాత ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు వంటి ఇక మారని ఫైళ్లకు అది బాగుంటుంది. రోజూ పనిచేసే ఫైళ్లకు మాత్రం వద్దు. వర్డ్ వంటివి సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలు రాసి పాతదాన్ని తప్పిస్తాయి, ఆ హక్కు లేకపోతే సేవ్ చేయడమే ఆగిపోవచ్చు. మ్యాక్‌లో ఈ పని తేలిక: ‘గెట్ ఇన్ఫో’లో ‘లాక్డ్’ టిక్ పెడితే చాలు.

క్లౌడ్

ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచే వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటివాటిని బ్యాకప్ అని పిలవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది. అవి చేసే పని రెండు చోట్లనూ ఒకేలా ఉంచడం. ఇక్కడ చేర్చింది అక్కడ చేరుతుంది, ఇక్కడ చెరిపింది అక్కడా చెరుగుతుంది, అక్కడ చెరిపింది ఇక్కడా చెరుగుతుంది.

తరచుగా జరిగే ప్రమాదం ఇలా ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్ మొదలుపెట్టేటప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ వన్‌డ్రైవ్‌కు ముడిపడిపోతాయి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, అది త్వరలోనే నిండుతుంది. చోటు లేదని హెచ్చరికలు మొదలవుతాయి. ఫొటోలు కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అనుకుని బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి అక్కడివి చెరిపేస్తారు. కంప్యూటర్‌లో కనబడుతున్నవి వేరే ప్రతులు కావు, అవే ఫైళ్లు. కాసేపటికి ఇక్కడా ఖాళీ. క్లౌడ్‌లో చోటు కావాలంటే ముందుగా ఆ ఫైళ్లను వన్‌డ్రైవ్ ఫోల్డర్ బయటికి కాపీ చేసుకుని, తెరిచి చూసుకుని, ఆ తర్వాతే చెరపాలి. కంప్యూటర్‌లోనే చోటు కావాలనుకుంటే డిలీట్ జోలికి పోకుండా ఫైలు మీద కుడి క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ ఎంచుకోవాలి. అప్పుడు ఫైలు క్లౌడ్‌లో ఉంటుంది, ఇక్కడ దాని పేరు మిగులుతుంది.

ఇంత చెప్పినా క్లౌడ్‌కు ఒక మంచి గుణం ఉంది, గడువు. వ్యక్తిగత వన్‌డ్రైవ్ ఖాతాలో చెరిపినవి అక్కడి బిన్‌లో 30 రోజులు ఉంటాయి. గూగుల్ డ్రైవ్‌లోనూ 30 రోజులే. షిఫ్ట్ డిలీట్ కొట్టినా క్లౌడ్ బిన్‌లో ఆ ఫైలు దొరుకుతుంది, కంప్యూటర్ బిన్ చేయలేని పని ఇది. శుభలేఖ మీద శుభలేఖ సేవ్ చేసిన సందర్భంలోనూ పనికొస్తుంది. రెండూ పాత ప్రతులు దాస్తాయి. మామూలు ఫైళ్లకు గూగుల్ డ్రైవ్ 30 రోజులు గానీ 100 ప్రతులు గానీ ఉంచుతుంది. గూగుల్ ఇచ్చే ఉచిత 15 జీబీ జీమెయిల్‌కూ, ఫొటోలకూ కలిపి అని మరవకూడదు.

అందువల్ల ఇప్పుడు పని నడుస్తున్న ఫైళ్లకు క్లౌడ్ చక్కగా సరిపోతుంది. మూడేళ్ల క్రితం ఫోల్డర్ ఒకటి ఎప్పుడు పోయిందో కూడా తెలియకుండా పోతే అది ఆదుకోదు. ఇంటి ఫొటోలు సరిగ్గా అలాగే పోతాయి. పోయాయని తెలిసేది ఎవరో ఆ పాత ఫొటో అడిగినప్పుడే, అప్పటికి 30 రోజులు ఎన్నోసార్లు దాటి ఉంటాయి.

విడి డిస్క్ మీద తేదీలవారీ ప్రతులు

ఒకే ఒక్కటి ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని, ఫైళ్ల ప్రతులు తేదీలతో సహా అందులో చేరేలా చేయడం. చెరిపినా, రీప్లేస్ చేసినా, అప్‌డేట్ తినేసినా, లోపలి డిస్కే చచ్చిపోయినా నిన్నటి ప్రతి చేతిలో ఉంటుంది. పైన చెప్పిన దారులన్నిటినీ మూసేది ఇదొక్కటే. సీ నుంచి డీకి కాపీ చేయడం ఇందులోకి రాదు. చాలా ఇళ్లలో ఆ రెండూ ఒకే డిస్క్ మీద గీసిన రెండు భాగాలు, డిస్క్ పోతే రెండూ పోతాయి.

విండోస్‌లో దీనికి ఫైల్ హిస్టరీ ఉంది. విండోస్ 8తో వచ్చింది, 11లోనూ ఉంది గానీ సెట్టింగ్స్‌లో వెతికితే దొరకదు, కంట్రోల్ ప్యానెల్ తెరవాలి. ఆన్ చేసి డిస్క్ చూపిస్తే గంటకోసారి మారిన ఫైళ్ల కొత్త ప్రతి రాస్తుంది, పాతవాటిని ఉంచుతుంది. తిరిగి కావాలంటే ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘ప్రీవియస్ వెర్షన్స్’ చూడటమే. చిక్కల్లా మళ్లీ మన డీ డ్రైవ్‌తోనే. ఫైల్ హిస్టరీ మీ ఖాతాలోని డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటివే చూస్తుంది. డీ డ్రైవ్‌లోని ఫోల్డర్‌ను ‘లైబ్రరీ’లో (వేర్వేరు ఫోల్డర్లను ఒక్కచోట చూపించే విండోస్ సదుపాయం) చేరిస్తే తప్ప దానికి అది కనబడదు. ఈ ఒక్కటి తెలియక, బ్యాకప్ నడుస్తోందని ఏళ్ల తరబడి నమ్మి మోసపోయే అవకాశం ఉంది. ఒక ఫైలు ఎంచుకుని, డిస్క్ నుంచి తిరిగి తెచ్చుకుని చూస్తే అనుమానం తీరుతుంది.

డీ డ్రైవ్ అలవాటు వదలనివారికి ఫ్రీఫైల్‌సింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మేలు. ఏ ఫోల్డర్‌ను ఎక్కడికి కాపీ చేయాలో సూటిగా చెప్పవచ్చు. ఇందులో ‘మిర్రర్’, ‘అప్‌డేట్’ అని వేరువేరు పద్ధతులు ఉంటాయి. మిర్రర్ ఎంచుకుంటే మీరు ఇక్కడ చెరిపింది డిస్క్ మీదా తీసేయబడుతుంది, మనం తప్పించుకోవాలనుకున్నదే అది. ‘అప్‌డేట్’ కొత్తవి, మారినవి చేరుస్తుంది తప్ప అక్కడున్నవాటిని తీసేయదు. చెరిపే పద్ధతి దగ్గర ‘వర్షనింగ్’ ఎంచుకుంటే, కొత్తది పైన పడి పోయే పాత ప్రతులు కూడా వేరే ఫోల్డర్‌లో మిగులుతాయి.

మ్యాక్ ఉన్నవారికి ఇంత ఆలోచన అక్కర్లేదు. 2007 నుంచి ఉన్న టైమ్ మెషీన్‌కు డిస్క్ చూపిస్తే గత 24 గంటలకు గంటకొకటి, గత నెలకు రోజుకొకటి, అంతకుముందు వారానికొకటి చొప్పున ప్రతులు ఉంచుతుంది. ఈ విషయంలో విండోస్ ఇంకా వెనకబడే ఉంది.

సాఫ్ట్‌వేర్ ఏదీ వద్దనుకునే పెద్దవారు నెలకోసారి ఫోల్డర్‌ను డిస్క్‌లోకి లాగి వదిలినా మంచిదే. ప్రతిసారీ నెల పేరుతో కొత్త ఫోల్డర్‌లోకి వేయాలి, పాతదాని మీద రీప్లేస్ చేయకూడదు. చోటు ఎక్కువ పడుతుంది, కానీ ఎవరికీ నేర్పాల్సిన పని లేదు.

డిస్క్‌ను ఎప్పుడూ తగిలించే ఉంచితే ప్రతులు తాజాగా ఉంటాయి, కానీ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చినా, పిడుగు పడ్డా రెండూ కలిసే పోతాయి. ఇంటికి నేనైతే వారానికోసారి తగిలించి తీసేయడాన్నే సూచిస్తాను.

ఎవరు ఏది తీసుకోవాలి

ఒకే కంప్యూటర్‌ను పిల్లలు, పెద్దలు పంచుకునే ఇంట్లో వేరు ఖాతాలు, డిలీట్ ప్రశ్న ఆన్, ఫైల్ హిస్టరీ కలిపి పెట్టుకోవాలి. ఖాతాలు వేరు చేయడం బద్ధకమైతే కనీసం డిస్క్ మానవద్దు.

ప్రాజెక్టులు, రెజ్యూమె తప్ప పెద్దగా ఏమీ లేని విద్యార్థికి హార్డ్ డిస్క్ కొనమని చెప్పను. ఉచిత క్లౌడ్ చాలు, షిఫ్ట్ డిలీట్ అలవాటుంటే పవర్‌టాయ్స్ వేసుకుంటే సరి. కాలేజీ ఇచ్చిన ఖాతాలో మాత్రం సొంత ఫైళ్లు పెట్టుకోకూడదు. చదువు అయ్యాక ఆ ఖాతా ఉంటుందన్న హామీ లేదు.

పిల్లలు విదేశాల్లో, పెద్దలు ఇక్కడ ఉండి ఇరవై ఏళ్ల ఫొటోలు ఒక కంప్యూటర్‌లో ఉన్న ఇంటికీ, డీటీపీ లేదా వీడియో పని ఇంట్లో చేసుకునేవారికీ ఒక డిస్క్ చాలదు. రెండు కొని, ఒకటి తమ్ముడింట్లోనో అక్కయ్యగారింట్లోనో ఉంచి, పండక్కి కలిసినప్పుడల్లా మార్చుకుంటే దొంగతనానికీ, అగ్నిప్రమాదానికీ కూడా జవాబు దొరుకుతుంది. చాలినంత చోటున్న క్లౌడ్‌కు నెలనెలా కట్టే డబ్బుతో పోలిస్తే కొన్నేళ్లకు ఇదే చవక.

ఇప్పటికే పోయి ఉంటే

చెరిపిన మరుక్షణమే గుర్తిస్తే ముందు కంట్రోల్ జెడ్ కొట్టండి, బిన్‌లోకి వెళ్లినదైతే వెనక్కి వస్తుంది. శాశ్వతంగా పోయినదైతే రికవరీ సాఫ్ట్‌వేరే దిక్కు, దాని ఫలితం డిస్క్ జాతిని బట్టి ఉంటుంది. పాత తరహా హార్డ్ డిస్క్‌లో చెరిపిన ఫైలు తాలూకు డేటా, ఆ చోట మరొకటి రాసేదాకా అలాగే ఉంటుంది, దొరికే అవకాశం బాగానే ఉంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎస్‌ఎస్‌డీలో (తిరిగే భాగాలు లేని, చిప్‌లతో చేసిన డిస్క్) చెరిపిన చోట్లను ట్రిమ్ అనే ఆదేశంతో డ్రైవే త్వరగా శుభ్రం చేసుకుంటుంది. అక్కడ ఆశ తక్కువ, ఎస్‌ఎస్‌డీ ఉన్నవారు రికవరీని ఒక రక్షణగా లెక్కలో వేసుకోనే కూడదు. పెన్ డ్రైవ్, మెమరీ కార్డుల నుంచి ఫొటోలు తేవడంలో ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మంచి పేరుంది. ఫైళ్ల అసలు పేర్లు మాత్రం రావు, వచ్చిన వందల ఫొటోలను కూర్చుని ఏరుకోవాలి.

ఏది వాడినా, ఫైలు పోయిన డ్రైవ్‌లో ఆ క్షణం నుంచి కొత్తగా ఏదీ రాయకూడదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కూడా అందులో ఇన్‌స్టాల్ చేయకూడదు. దొరికిన ఫైళ్లను దాచడానికి వేరే డ్రైవ్ చూపించాలి. మైక్రోసాఫ్ట్ 2020లో ఉచితంగా ఇచ్చిన విండోస్ ఫైల్ రికవరీ అయితే, అదే డ్రైవ్ చూపిస్తే అసలు మొదలే పెట్టదు.